బేర్ సరాయ్ మీదుగా

శేషగిరికి కుదురు లేదు. విరిగిన కాలు పిండికట్టులో కదలకుండా ఉంటే, ఆ లోటు తీరుస్తున్నట్టు బాగున్న కాలు ఒకటే ఆడిపోతోంది. లేబర్ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుంటాడు, చంకకర్రలు అందుకుని లేస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు.

“కాస్త స్థిమితంగా ఉండండీ. జరిగింది చెప్తే చాలదూ?” అంది భార్య అన్నపూర్ణేశ్వరి.

జరిగింది చెప్పడమే కదా కష్టం! ఇల్లు ఇందిరాపురంలో, ఆఫీసు కరోల్ బాగ్‌లో. ఆటో బోల్తా పడింది మాత్రం ఎక్కడో దక్షిణాన బేర్ సరాయ్ దగ్గర. పనికి వెళ్ళే దారిలో దెబ్బ తగిలితే పరిహారం ఉంది గానీ, ఊరంతా చుట్టొస్తే మాకేం సంబంధమంటోంది కంపెనీ. ఆ చుట్టుదారి ఎందుకో మేనేజరు రామమూర్తిగారికి బాగా తెలుసు. ఆయన కొడుకు అక్కడ గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాడు. ఆఫీసుకు వచ్చే ముందు వాడికి ఆవకాయ, కందిపొడి చేరవేయడం శేషగిరి వంతు. తెనాలి నుంచి పిలిపించి ఉద్యోగం ఇప్పించిన మనిషి అడిగితే కాదనే నోరు అతనికి ఎక్కడిది?

నిన్న ఆ పెద్దమనిషే ఫోన్ చేశాడు. “మధ్యలో నా పేరెందుకు గిరీ? సొంత పనిమీద వెళ్ళానని చెప్పు. తర్వాత నిన్ను నేను చూసుకోనూ?”

సరేనన్నాడు. అప్పటినుంచీ అన్నం సహించలేదు.

లోపలికి పిలిచారు. కంపెనీ తరఫున రామమూర్తిగారే వచ్చి కూర్చున్నారు. అధికారిణి హిందీలో సూటిగా అడిగింది. “బేర్ సరాయ్ ఎందుకు వెళ్ళారు?”

శేషగిరి ఆయన వైపు చూశాడు. ఆయన ఫోన్‌లో తల దూర్చాడు. ఆయన ఒక్కసారి తన ముఖం చూసినా శేషగిరి అబద్ధం చెప్పేసేవాడే. చూడలేదు. శేషగిరికి ఒళ్ళు మండిపోయింది.

“సార్ వాళ్ళబ్బాయికి ఆవకాయ ఇవ్వడానికి మేడమ్. సారే పంపారు,” అన్నాడు వచ్చీరాని హిందీలో.

రామమూర్తి ఉలిక్కిపడి తెలుగులోకి దిగిపోయాడు. “పంపడమేంట్రా? మనవాడివి కదాని అడిగాను!”

“ఏమంటున్నారాయన?” అంది అధికారిణి.

శేషగిరి ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాడు. “నన్ను వెళ్ళమని తనే అడిగానంటున్నారు.”

ఆవిడ రాసుకుంది. “ఆయన అడిగినదాన్ని మీరెప్పుడైనా కాదన్నారా?”

“ఇవాళే మేడమ్,” అన్నాడు శేషగిరి.