అంచు దాటిన నీలం

పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా అక్క గోడ దగ్గరికి పరిగెత్తుతుంది. గోడకు తగిలించిన కంబళి మీద బొంత ముక్కలన్నీ గుండుసూదులతో గుచ్చి ఉంటాయి. ఏది ఎటు జరిగిందో చూసుకోవాలి కదా మరి!

ఆ ఇంట్లో ఎవరు రంగు అద్దిన గుడ్డకు వాళ్ళ గుణమే వస్తుంది. అమ్మ పసుపు పక్క ముక్కల్ని సర్దుతూ ఉంటుంది. బావ అద్దిన గోధుమరంగు, అబ్బో, మెల్లగా వంటింటి వైపే పాకుతుంది. అక్క ఎరుపు మాత్రం పన్నెండేళ్ళుగా ఏ బొంతలోనూ వెంట్రుకవాసి కదల్లేదు.

ఈసారి గొడవంతా చెల్లి నీలంతోనే. పువ్వూ ఆకూ లేని, ఉత్త రంగుల బొంత అది. నడుమ నీలం నిలవాలి. అది నిలిస్తేనా? ఎప్పుడు చూసినా అంచునే. బొంతను తీసుకెళ్ళడానికి ఇవాళ సాయంత్రం ప్రదర్శనవాళ్ళ బండి వస్తుంది. దూరపు ఊరి అద్దకం మిల్లులో ఉద్యోగానికి చెల్లి అవునో కాదో చెప్పాల్సిందీ ఆ సాయంత్రంలోగానే. "ముందు బొంత పూర్తి కానీ, చూద్దాం" అంటూ అక్క నెల్లాళ్ళుగా ఆపుతోంది.

"తొట్టిలో ఉప్పు వేశావా అసలు?"

"వేశానక్కా. రంగు పోతే ఉప్పును అనాలి. ముక్కే పోతే ఉప్పేం చేస్తుంది?"

"నోటికి మాత్రం రంగు బాగా పట్టింది మరదలా!" అన్నాడు బావ.

అక్క విసురుగా నీలాన్ని నడుమ పెట్టి రెండు పేటల దారంతో కుట్టేసింది. టీ తాగి వచ్చేసరికి కుట్లు కుట్టినచోటే ఉన్నాయి. నీలం మాత్రం అంచున వేలాడుతోంది, చుట్టూ పీచులు లేచిపోయి.

"ఇంకోసారి కుడితే చిరిగిపోతుందే," అంది అమ్మ.

అక్క కూర్చుంది, లేచింది, సూదిలో దారం ఎక్కించింది, తీసేసింది. చివరికి నీలాన్ని సగం బొంత మీద, సగం అంచు బయట ఉండేలా పెట్టి కుట్టింది. అంతే, అది కుదురుకుంది.

"పో, మిల్లువాళ్ళకు ఫోన్ చెయ్యి."

"మరి నడుమ ఖాళీ?"

"నా తంటాలు నేను పడతాలే. నువ్వు చెయ్యవే!"

వరండాలోంచి "వస్తానండీ, సోమవారమే వస్తాను" అన్న చెల్లి గొంతు వినబడింది. అక్క కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగింది.

ఎరుపు బొటనవేలంత జరిగింది, ఆ ఖాళీ వైపు.

బయట బండి హారన్ మోగుతూనే ఉంది. అక్క సూది పక్కన పెట్టి, ఎరుపు ఎంత దూరం పోతుందో చూద్దామని కూర్చుంది.