లోపలి పొర

పొర కనబడడానికి వేసిన నీలిరంగు కడిగేసి ఆమె మళ్ళీ సూక్ష్మదర్శిని మీదికి వంగింది. ఎవరో పోతూ పోతూ ఇచ్చిన, కంటిపాప ముందు అద్దంలా ఉండే కార్నియా గిన్నెలోని ద్రావకంలో చిన్న దొప్పలా వెల్లకిలా ఉంది. దాని లోపలి పొర ఒక్కటే కావాలి. ఉల్లిపొర కూడా దాని ముందు గోనెపట్టాయే. అంచు పట్టుకుని, ఆ తడిలోనే, చిరగకుండా ఒలవాలి.

ఐ బ్యాంకులో అందరూ ఆమెను పొరలక్క అంటారు. ఏడిపించడానికి పెట్టిన పేరే నిలిచిపోయింది. పూర్వం కార్నియా మొత్తం కోసి కొత్తది కుట్టేవారు. చూపు కుదురుకోవడానికి ఏడాది పట్టేది. పాడైన పొరనే మార్చే పద్ధతి వచ్చాక ఈ పని ఆమె మీద పడింది. నేర్చుకునే రోజుల్లో ఎన్ని పాడుచేసిందో! మెట్ల కింద నిలబడి ఏడ్చేది, ముఖం కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చునేది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. తమ్ముడి ఇంట్లో మేడమీద గది.

పొద్దున మరదలు కాఫీ ఇస్తూ అడిగింది. "చెయ్యి వణుకుతోందేంటి వదినా?"

"నిద్ర చాల్లేదులే" అని దాటేసింది. నిజానికి హాయిగా నిద్రపోయింది.

వరండాలో ఇవాళ్టి పేషెంటు కలిశాడు. బస్సు డ్రైవరు. ఆవిరి పట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టుందట అతనికి. "బండి నంబరు చదవలేనోణ్ని డిపో గేటు దగ్గర కూర్చోబెట్టి నంబర్లు రాయమంటున్నారమ్మా!" అని నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

దాత వయసులో చిన్నవాడు. అలాంటివారి పొర మొండికేస్తుంది. సగం ఒలిచేసరికి వేళ్ళు అదిరాయి. అంచు దగ్గర చీలిక!

ఆపరేషన్ చెయ్యాల్సిన డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి ఆమె భుజాలు బిగుసుకోవడం చూసింది. "చిరిగిందా అక్కా? ఆపేద్దామా?"

"అంచు దగ్గరే. ఆగండి, నా పని ఇంకా అవలేదు."

ముంజేతులు బల్లకు అదిమిపెట్టింది. పొరను వెనక్కి పరిచి, గిన్నె తిప్పి, ఎదుటివైపు నుంచి మొదలుపెట్టింది. తొందరపడలేదు. చీలిక దాకా వచ్చి దాన్ని పక్కనే వదిలేసి మిగతాది తీసింది. నీలి పొర చుట్టలా ముడుచుకుని ద్రావకంలో తేలింది.

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, అలసిన ముఖంతో ఆపరేషన్ గదిలోంచి వచ్చింది. అప్పటికే డ్రైవరు కంట్లో చిన్న గాటులోంచి చుట్టను లోపలికి పంపి, పైనుంచి మెల్లగా తట్టి విప్పి, కింద గాలి బుడగ పెట్టింది. "పరుచుకుంది అక్కా. ఇక బుడగ దాన్ని అంటించాలి. కదలకుండా పైకప్పు చూస్తూ పడుకోమంటే, ఇంట్లో ఎప్పుడూ చేసే పనేగా అన్నాడు."

ఆమె నవ్వింది. గౌను విప్పి మడత పెట్టింది. "రేపట్నుంచి రాను డాక్టరమ్మా."

"సెలవా?"

"కాదు. చెయ్యి మొరాయిస్తోంది. ఇవాళ చిరిగింది అందుకే. రేపు మధ్యలో చిరిగితే పోయేది నా కన్ను కాదుగా."

"మందులు వాడితే తగ్గుతుందేమో. కొన్నాళ్ళు చూద్దాం."

"చూపించుకుంటాను. వచ్చి నేర్పమంటే నేర్పుతాను. ముట్టుకోమంటే మాత్రం ముట్టుకోను."

డాక్టరమ్మ ఆమె చేతులు పట్టుకుంది. కుడిచెయ్యి ఆ పట్టులోనూ సన్నగా అదురుతూనే ఉంది.

ఆమె సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. ఎప్పటిలాగే వాచ్‌మన్ తల ఊపాడు, ఆమె కూడా ఊపింది.

పైన, సూక్ష్మదర్శిని బల్ల ముందు, ఆమె పొట్టి కాళ్ళు నేలకు ఆనేలా అడుగంటా దించిన కుర్చీ, కాస్త పక్కకు తిరిగి ఉంది.