సదయ్య కూర్చునే వైపు

మొదటి షిఫ్టు దిగిన బొగ్గుగని కార్మికులు ల్యాంపు రూం కిటికీ దగ్గర తోసుకుంటున్నారు. నెత్తి మీది దీపం, నడుముకు కట్టిన బ్యాటరీ విప్పి బల్ల మీద పెట్టి పోతుంటే, సారక్క ఒక్కొక్కటే తడిగుడ్డతో తుడిచి చార్జింగు స్టాండులో గుచ్చుతోంది. పొట్టి మనిషి. పై వరుస అందుకోవాలంటే ప్రతిసారీ మడమలెత్తాలి. చీర మీద తొడుక్కున్న ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర నల్లగా మెరుస్తోంది.

"అక్కా, ఇయ్యాల బావ ఆట గద! కప్పు తెస్తడా?" అని కిటికీ అవతల నుంచి పోశం కేక వేశాడు. క్లబ్బులో క్యారమ్స్ పోటీకి ఆమె భర్త సదయ్య పేరు రాయించింది అతనే.

"ఏమో తమ్మీ," అంది సారక్క. తుడిచిన దీపాన్నే మళ్ళీ తుడిచింది.

ఈ కొలువు నిజానికి సదయ్యది. గనిలో పైకప్పు పెళ్ళ విరిగి వీపు మీద పడ్డాక నడుము వంగలేదు, కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి. పనికి పనికిరాడని డాక్టర్లు రాశారు. కొలువు భార్యకు వచ్చింది. ఆమె మొదటిరోజు డ్యూటీకి బయల్దేరుతుంటే సదయ్య తన బూట్లు తుడిచి గుమ్మంలో పెట్టాడు. అవి ఆమెకు పెద్దవని ఇద్దరికీ తెలుసు. సందు మలుపు దాకా వాటితోనే ఈడ్చుకుంటూ నడిచి, అక్కడ చెప్పులు మార్చుకుంది.

ఆ తర్వాత అతను ఇంట్లో మాట్లాడటం తగ్గించేశాడు. అప్పుడు పాత సామాన్లలోంచి క్యారమ్ బోర్డు దించింది సారక్క. ఎడమచేత్తో కొట్టడం నేర్చుకున్నాడు సదయ్య. మొదట్లో అన్నీ ఓడిపోయేవాడు. ఓడిన పూట అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు.

ఒక వానాకాలం కిటికీ వేయడం మరచిపోతే బోర్డు తడిసింది. ఆరాక పైకి బాగానే ఉంది గానీ, ఒక మూల పలక కుంగింది. ఆ మూలవైపు మెల్లగా తోస్తే చాలు, బిళ్ళ తనంతట తానే ఒంపు తిరిగి హోల్‌లో పడేది. సారక్క ఆ సంగతి మొదటిరోజే పసిగట్టింది. కుంగిన మూల గోడవైపు కూర్చున్నవాళ్ళకు ఎదురుగా ఉండేలా బోర్డు తిప్పి పెట్టింది.

"గోడకు ఆనుకోని కూసో. నడుముకు మంచిగుంటది," అంది.

అప్పటినుంచి సదయ్య గెలవడం మొదలైంది. ఆమె రెడ్ వేసి కూడా, దాని వెంటే వేయాల్సిన ఫాలో బిళ్ళను కావాలనే తప్పించేది. అతను గెలిచిన పూట ఇంకో ముద్ద పెట్టించుకునేవాడు, చాయ్ హోటల్ దగ్గర నలుగురికీ చెప్పుకునేవాడు. ఏళ్ళు గడిచాయి. పేరు రాయించానని పోశం చెప్పిన రోజు ఆమె నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఇస్త్రీ చొక్కా కోసం సదయ్య రెండిళ్ళ అవతలికి నడిచి వెళ్ళడం చూసి, ఇప్పుడెట్లా చెప్పేది అనుకుంది.

డ్యూటీ దిగి ఆమె క్లబ్బుకు చేరేసరికి ఆట మొదలవుతోంది. బోర్డు స్టాండు మీద ఉంది. పైన గుండ్రటి రేకు కింద బల్బు వెలుగుతోంది. బోర్డు అద్దంలా ఉంది. సదయ్య కుర్చీ అంచున నిటారుగా కూర్చున్నాడు. వెనుక ఆనుకోవడానికి గోడ లేదు. అవతల ఆఫీసులో పనిచేసే రఘుపతి, సగం వయసువాడు.

సదయ్య తెల్లబిళ్ళను ఎప్పటిలా మెల్లగా తోశాడు, ఒంపు తిరుగుతుందని హోల్‌కు కొంచెం పక్కకు. ఇక్కడ బిళ్ళ ఒంపు తిరగలేదు. నేరుగా పోయి చెక్కకు తగిలి వెనక్కి వచ్చింది. మళ్ళీ అక్కడికే కొట్టాడు. మళ్ళీ అంతే. ఇంట్లో చిన్న ప్లాస్టిక్ స్ట్రైకరు. ఇక్కడిది బరువైనది, వేలికి ఆగకుండా జారి హోల్‌లో పడిపోతోంది.

"కాకా, స్ట్రైకరు రెండు గీతలకు తాకాలె," అన్నాడు రఘుపతి, మర్యాదగానే.

"ఆఁ, తాకిస్త," అన్నాడు సదయ్య. చెమట చుక్క బోర్డు మీద రాలితే గబగబా చొక్కా అంచుతో తుడిచాడు. వెనుక బెంచీలో ఎవరో నవ్వారు. "గీయనేనా చాంపియన్?"

సదయ్య ఒక్కసారి తలెత్తి సారక్క కోసం చూశాడు. ఆమె స్తంభం చాటుకు జరిగింది. ఆట ముగిసేదాకా అతనికి ఒక్క బిళ్ళా పడలేదు.

ఇంటికి వచ్చాక ఆమె పొయ్యి వెలిగించబోతుంటే, "బోర్డు తియ్యి," అన్నాడు.

"పొద్దున ఆడుదాంలే."

"తియ్యవే."

వేసింది. సదయ్య గోడవైపు కూర్చోలేదు. ఆమె ఎప్పుడూ కూర్చునే చోట, నడుము పట్టుకుని, మూలుగుతూ కూలబడ్డాడు. "నువ్వు గాడ కూసో," అని గోడవైపు చూపించాడు. ఒక బిళ్ళ ముందు పెట్టి మెల్లగా తోశాడు. అది ఎదుటికి పోకుండా ఒంపు తిరిగి, అతని మోకాలి దగ్గరి హోల్‌లో పడింది. ఇంకోటి తోశాడు. అదీ అటే పోయింది.

"ఎప్పటి సంది?"

సారక్క చీర కొంగు వేలికి చుట్టుకుంది. "వానకు తడిసినప్పటి సంది."

"అందరికి జెప్పుకున్ననే," అన్నాడు సదయ్య. గొంతు పెంచలేదు. "హోటల్ కాడ కూసోని గెలిచిన్నని జెప్పుకున్న."

ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఏడుపు కూడా రాలేదు. బట్టలు లేకుండా నలుగురిలో నిలబడ్డట్టు అయింది, అతనితో పాటు.

తెల్లారి నస్పూర్‌లో తన అక్క ఐలవ్వ దగ్గర నాలుగు రోజులు ఉండి వస్తానని సదయ్య బస్సెక్కాడు. నాలుగు రోజులు నెల దాటాయి. ఫోన్ చేస్తే "మంచిగున్న, నువ్వు డ్యూటీ ఎగ్గొట్టకు," అనేవాడు. బోర్డు మాట అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఒక పొద్దున ఐలవ్వే ఫోన్ చేసింది. ఛాతీలో నొప్పి అన్నాడని మంచిర్యాల దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట.

దినాలైపోయాక ఐలవ్వ అతని సంచి తెచ్చి సారక్క ముందు పెట్టింది.

"రోజు మా కాడి క్లబ్బుకు పోయి ముసలోల్లతోని ఆడేటోడు. ఏమైందిరా అంటే, ఇయ్యాల గూడ ఓడిననక్కా అని నవ్వేటోడు. నిజంగ ఆడి ఓడిన అనేటోడు. గదేం నవ్వో!" ఐలవ్వ కళ్ళు తుడుచుకుంది. "నీ ముచ్చటే. మా సారక్క చెయ్యి నాకెన్నడు రాలే, మస్తు ఆడుతదనేటోడు."

సారక్క ఆమె మొహం చూడలేక సంచిలోకి చూసింది. మడిచిన లుంగీ, మందుబిళ్ళలు. వాటి కింద మంచిర్యాల బజారులో కొన్న బరువైన స్ట్రైకరు, అంచు చుట్టూ ఇంకా రాలని తెల్లటి పౌడరు.