మండపం మీద అంపైరు కుర్చీ

భానుశ్రీకి ఆ రోజు పొద్దున్న కాఫీ కూడా గొంతు దిగలేదు. దిగితే ఎట్లా? భవానీపురంలో తను పనిచేసే స్టూడియో తరఫున ఇప్పటిదాకా ఎన్ని పెళ్లిళ్లకి వెళ్లినా ఆమెది ఎప్పుడూ రెండో కెమెరాయే. రెండో కెమెరా అంటే ఏమిటో ఆ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. లేనివాళ్లకి చెబుతాను వినండి. ఆడవాళ్లు ఒకళ్ల జడలో ఒకళ్లు పూలు పెట్టుకోవడం, పిల్లలు ఐస్‌క్రీం మూతి నిండా పూసుకోవడం, భోజనాల దగ్గర పెద్దాయనెవరో గారె కొరకడం, ఇవన్నీ రెండో కెమెరా వాటా. తీరా ముహూర్తం వేళకి మొదటి కెమెరా మగమహారాజు మండపానికి ఎదురుగా కాళ్లు చాపి నిలబడతాడు. ఆయన మోచేతి కిందనుంచి దూరి ఏదన్నా దొరికితే తీసుకోవాలి, లేదంటే నోరు మూసుకుని గారెల దగ్గరికి పోవాలి.

అలాంటి భానుశ్రీకి ఇవాళ మొదటిసారి మొదటి కెమెరా దక్కింది. అదీ మనోజ్ఞ పుణ్యమే. ఇద్దరూ కాలేజీలో ఒకే బెంచీ. "భాను ఫొటోలు తీయకపోతే నేను పీటల మీద కూర్చోను" అని తండ్రి దగ్గర మొండికేసింది. ఆ తండ్రి వెంకటకృష్ణారావుకి కోల్డ్ స్టోరేజీలున్నాయి, మాటకి తిరుగులేదు, ఒక్క కూతురి మాట దగ్గర తప్ప. ఆయన హైదరాబాదు నుంచి పేరున్న వాళ్లని పిలిపిద్దామనుకున్నాడు. చివరికి దిగొచ్చాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"చూడమ్మా భానూ, మిగతా ఫొటోలు ఎట్లా తీసినా నేను అడగను. జీలకర్రాబెల్లం పెట్టగానే తెర దించుతారే, ఆ క్షణంలో మా అమ్మాయి మొహం, అబ్బాయి మొహం, ఆ ఒక్కటి నాకు సరిగ్గా కావాలి. మళ్లీ ఒకసారి చెయ్యండి అనడానికి అదేమన్నా కేక్ కటింగా?"

స్టూడియో యజమాని కూడా అదే మాట ఇంకాస్త కటువుగా అన్నాడు. "ఆ ఫొటో వచ్చిందా, ఇకనుంచి నీకు నువ్వే పెళ్లిళ్లు ఒప్పుకో. పోయిందా, మళ్లీ గారెల దగ్గరికే" అన్నాడు. భానుశ్రీ నవ్వుతూనే తలూపింది గానీ రాత్రిళ్లు కళ్లు మూస్తే తెరే కనపడేది.

ఆ తెర సంగతి మన వైపు అందరికీ తెలిసిందే. వధూవరుల మధ్య అడ్డంగా పట్టుకుంటారు. ముహూర్తం వేళకి ఒకరి తల మీద ఒకరు జీలకర్రా బెల్లం పెట్టాక దాన్ని దించేస్తారు. పెళ్లికి ముందు షూటింగులంటూ చేతులు పట్టుకుని పాపికొండలన్నీ తిరిగొచ్చిన జంటైనా సరే, ఆ తెర దిగేసరికి మొహాలు కొత్తవైపోతాయి. ఆ కొత్తదనం రెండు క్షణాలు కూడా ఉండదు. సరిగ్గా ఆ రెండు క్షణాల్లోనే చుట్టపక్కాలంతా అక్షింతలు పుచ్చుకుని, సెల్‌ఫోన్లు ఎత్తుకుని మండపం మీదికి ఎగబడతారు. ఇక కెమెరాకి దొరికేవల్లా వీపులు! పట్టుచొక్కా వీపులు, జరీ జాకెట్టు వీపులు, చెమటకి తడిసిన వీపులు.

పెళ్లి గన్నవరం దాటాక కాలవ పక్కనున్న కంట్రీ క్లబ్బులో. వెంకటకృష్ణారావు అందులో ఏనాటినుంచో మెంబరు. పేకాట గది తప్ప ఆ క్లబ్బులో ఇంకేముందో ఆయనకి తెలీదు. పెళ్లి ఏర్పాట్ల కోసం భానుశ్రీ వెంట తిరిగినప్పుడే స్విమ్మింగ్ పూలూ టెన్నిస్ కోర్టూ మొదటిసారి చూసి, "ఓహో, ఇంత ఉందా మన క్లబ్బు!" అని మురిసిపోయాడు. డ్రోన్ ఎగరేసి పైనుంచి తీయించాలని ఆయనకి మహా సరదా. కూతవేటు దూరంలో ఎయిర్‌పోర్టు, డ్రోన్ ఎగరేస్తే పెళ్లి మాట అటుంచి పోలీస్ స్టేషన్‌లో ఫొటోలు దిగాలని భానుశ్రీ చెప్పాక గాలి తీసిన బెలూన్‌లా చప్పబడ్డాడు.

అప్పుడే భానుశ్రీకి ఆ ఆలోచన వచ్చింది. ముహూర్తం వేళకి మండపం ఎక్కాల్సినవాళ్లకే బంగారు రంగు చేతిబ్యాండ్లు ఇస్తే? బ్యాండు లేనివాళ్లని క్లబ్బు సెక్యూరిటీ వాళ్లు మెట్ల దగ్గరే ఆపేస్తారు. మండపం ఖాళీగా, ఫ్రేము శుభ్రంగా, రెండే రెండు మొహాలు!

"అద్భుతం!" అని వెంకటకృష్ణారావు కుర్చీలోంచి లేచాడు. "మనవాళ్లలో ఇంతవరకూ ఎవడూ చెయ్యలా!"

ఆయన భార్య సుబ్బరత్నం మాత్రం బుగ్గన వేలేసుకుంది. "చుట్టాల్ని మండపం ఎక్కొద్దంటే ఊరుకుంటారుటండీ?"

"ఊరుకోక ఏం చేస్తారే? ఎల్‌ఈడీ స్క్రీన్లు పెట్టిస్తున్నాగా. క్లబ్బు హాల్లో ఏసీ కింద కూర్చుని చూడమను."

అట్లా ఖాయమైంది. పెళ్లిరోజు పొద్దున భానుశ్రీ మండపం ముందు నిలబడి చూసుకుంటే కళ్లు చెదిరిపోయాయి. లాన్ మీద ఎండ పల్చగా పరుచుకుంది. బంతిపూల దండలు, మల్లెచెండ్లు, అరటిబోదెలు. విమానమొకటి తలమీదుగా దిగుతుంటే పంతులుగారి మంత్రం సగం ఆకాశంలో కలిసిపోయింది. నాదస్వరం విద్వాంసుడు శ్రుతి చూసుకుంటున్నాడు. 'ఇవాళ నాదే, ఈ మండపం మొత్తం నాదే' అనుకుంటుంటే భానుశ్రీ ఒళ్లంతా జల్లుమంది. పెళ్లికొడుకు లక్ష్మీకాంత్ పీటల మీద కూర్చున్నాడు. లోపల గదిలో మనోజ్ఞ గౌరీపూజ కూడా అయిపోయింది. ఇక పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టుకుని తీసుకురావడమే తరువాయి.

అదుగో, అప్పుడొచ్చింది సుబ్బరత్నం, కుచ్చిళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని పరుగున.

"కొంప మునిగిందే భానూ! మా దుర్గాప్రసాదు అలిగి వెళ్లిపోయాడు!"

దుర్గాప్రసాద్ ఆవిడ తమ్ముడు, మనోజ్ఞకి మేనమామ. పెళ్లికూతురిని గంపలో మోసుకొచ్చేది మేనమామే. పిల్లని తీసుకురమ్మంటారా అని పంతులుగారిని అడగడానికి ఆయన మండపం మెట్టెక్కబోతే సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టి, "బ్యాండు ఉందా సార్?" అన్నాడట. మగపెళ్లివారంతా ముందు వరసలో కూర్చుని చూస్తుండగా!

మరి బ్యాండు ఎందుకివ్వలేదంటారా? ఎవరూ పగబట్టి మానలేదు. వియ్యాలవారికి గుర్తుపెట్టుకుని ఇచ్చారు, పంతులుగారి శిష్యుడికిచ్చారు, చివరికి విసనకర్ర పట్టుకునే అమ్మాయికీ ఇచ్చారు. దుర్గాప్రసాద్ దగ్గరికొచ్చేసరికి వెంకటకృష్ణారావు "మనవాడేగా" అనుకున్నాడు. సుబ్బరత్నమూ "మనవాడేగా" అనుకుంది. భానుశ్రీకి వాళ్లు చెప్పలేదు, ఆమె అడగలేదు. మనింట్లో ఎప్పుడూ ఇంతే. పరాయివాళ్లకి పిలుపులు, మర్యాదలు, బొట్టుపెట్టి చెప్పడాలు. సొంతమనిషికి మాత్రం 'వాడికి వేరే చెప్పాలా' అని ఒక్క మాటతో సరి.

"ముహూర్తం దగ్గర పడిందమ్మా. వాళ్ల బావ వెళ్తే వాడింకా మండిపోతాడు. నేను వెళ్తే ఏడుపొస్తుంది. ఆ బ్యాండ్లు పెట్టింది నువ్వేగా, నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అంది సుబ్బరత్నం.

తెరా లేదు, ఫొటో లేదు, పెళ్లే ఆగేట్టుంది! భానుశ్రీ కెమెరా మెడలో వేలాడుతుండగానే పరుగెత్తింది. పేకాట గదిలో లేడు. స్విమ్మింగ్ పూల్ దగ్గర లేడు. చివరికి టెన్నిస్ కోర్టులో కనపడ్డాడు. ఎక్కడనుకున్నారు? అంపైరు కూర్చునే ఎత్తు కుర్చీ ఉంటుంది చూడండి, నిచ్చెన మెట్లున్నది, దానిమీద! ఆరడుగుల మనిషి, పట్టుపంచె, మెడలో కండువా, చేతులు కట్టుకుని, మండపం వైపు గుర్రుగా చూస్తూ కూర్చున్నాడు.

"మావయ్యగారూ, దిగండి మావయ్యగారూ! తప్పు నాది. ఆ బ్యాండ్ల ఆలోచన నాదే."

"నీదైతే ఏంటి, మా బావదైతే ఏంటి? దాని చెవులు కుట్టించింది నా ఒళ్లో కూర్చోబెట్టుకునమ్మా! అట్లాంటిది దాని పెళ్లి మండపం ఎక్కడానికి నాకు పాసు కావాలా?"

"మనోజ్ఞ లోపల మీకోసం చూస్తోందండీ."

ఆ పేరు వినేసరికి ఆయన కట్టుకున్న చేతులు కాస్త వదులయ్యాయి. అయినా పట్టు వదల్లేదు. "ఇక్కణ్ణుంచి మండపం అరచేతిలో ఉన్నట్టు కనపడుతోంది. ఇక్కణ్ణుంచే అక్షింతలు వేస్తాలే, నువ్వు పో."

భానుశ్రీ మండపం వైపు తిరిగి చూసింది. "ఏమన్నారు? కనపడుతోందా?"

"ఆఁ, జనం నెత్తిమీదుగా భేషుగ్గా కనపడుతోంది. అయితే?"

"మావయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి దిగి నన్నెక్కనివ్వండి!"

బతిమాలితే దిగని మనిషి ఆ ఆత్రం చూసి తెల్లబోయి దిగాడు. భానుశ్రీ గబగబా ఎక్కి, కెమెరా కంటికి పెట్టుకుంది. అంత దూరంనుంచి కూడా మండపం మీద పంతులుగారి ముందున్న కొబ్బరికాయలతో సహా కనపడుతోంది. ఎందరు నిలబడ్డా వాళ్ల తలలు కిందే. మండపం ఖాళీగా ఉంటే ఆ ఫొటో ఆమె చేతిలో ఉన్నట్టే. జనం నెత్తిమీదుగా తీసేది ఇంతవరకూ ఎప్పుడూ తీయని ఫొటో, వస్తుందో రాదో తెలీదు. కానీ ఈ మనిషిని గడప బయట నిలబెట్టి తీసే ఫొటో తనకొద్దు.

"బ్యాండ్లన్నీ తీయించేస్తాను. ఎవరొస్తే వాళ్లని ఎక్కనిస్తాను. మీరు రండి. ఈ కుర్చీ కూడా రావాలి" అంది పైనుంచి.

దుర్గాప్రసాద్ నడుమ్మీద చేతులేసుకుని చూశాడు. "అమ్మాయ్, నువ్వొచ్చింది నాకోసమా, కుర్చీ కోసమా?"

"మీకోసమేనండీ! మీరు అలిగి ఎక్కబట్టి కుర్చీ కనపడింది."

ఆయనకి నవ్వాగలేదు. కుర్చీ కాళ్లకి చక్రాలున్నాయి. ఇద్దరూ కలిసి సిమెంటు బాట మీద దాన్ని దొర్లించుకుంటూ బయల్దేరారు. ఆ ఊరేగింపు చూసి నాదస్వరం ఒక్క క్షణం ఆగిపోయింది.

"ఇదేంటి? అంతా ఎక్కేస్తే ఇంక నా ఫొటో?" అని వెంకటకృష్ణారావు లబలబలాడాడు.

"పూచీ నాది అంకుల్" అంది భానుశ్రీ.

నడవలేని పెద్దవాళ్ల కోసం వేసిన ర్యాంపు మీదుగా కుర్చీని మండపం మూలకి చేర్చారు. పంతులుగారు ఎగాదిగా చూసి, "చెప్పులు విప్పి ఎక్కమ్మా" అన్నారు. అంతకుమించి అడ్డు చెప్పలేదు.

ఇక దుర్గాప్రసాద్ గంపెత్తుకుని రావడం చూడాలి! ఆ చివర ఇంకో మామయ్య పట్టుకున్నాడు గానీ బరువంతా ఈయన భుజాలదే. గంపలో మనోజ్ఞ తలొంచుకుని, పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటోంది. పీటల మీద కూర్చోబెట్టి ఆయన ఆమె వెనక నిలబడ్డాడు. తెర పట్టారు. బ్యాండ్లు ఎత్తేశారని తెలిసిన చుట్టాలు మెట్లమీదికి ఎగబడ్డారు, మండపం కిక్కిరిసింది. ఆ తోపులాటకి కుర్చీ జర్రున జరిగింది.

"అయ్యో!" అంది భానుశ్రీ, కెమెరా గుండెకి అదుముకుని.

మేనకోడలి వెనకనుంచి దుర్గాప్రసాద్ ఒక్క ఉదుటున వచ్చి కుర్చీని రెండు చేతులా కావలించుకున్నాడు. పాదాలు తన్నిపెట్టి భుజం ఆనించాడు. ఇక కుర్చీ కదల్లేదు. కానీ ఆయన వీపు పెళ్లివైపుకి తిరిగిపోయింది.

"మావయ్యగారూ, మీరక్కడుండాలి! ఇంకెవర్నన్నా పిలవండి!"

"ఇప్పుడెవరొస్తారే? బాజాలు అందుకున్నారు, నువ్వటు చూడు!"

గట్టిమేళం ఒక్కసారిగా హోరెత్తింది. జీలకర్రాబెల్లం పెట్టిన చేతులు తలలమీద నిలిచాయి. తెర జారింది. లక్ష్మీకాంత్ మనోజ్ఞని చూశాడు, మనోజ్ఞ లక్ష్మీకాంత్‌ని చూసింది. చుట్టూ అక్షింతలు వానలా కురుస్తుంటే, వంగి చూసే మొహాలన్నీ వాళ్లిద్దరి చుట్టూ గూడు కట్టాయి. భానుశ్రీ వేలు ఆగలేదు. అమ్మబాబోయ్, వచ్చింది, వచ్చేసింది! ఆమెకి గట్టిగా కేక పెట్టాలనిపించింది. కేక పెట్టింది కూడా, మేళం హోరులో ఎవరికీ వినపడలేదు.

తలంబ్రాలయ్యాక వెంకటకృష్ణారావు భోజనాలు కూడా వదిలేసి ఆమె చుట్టూ చేరాడు. భానుశ్రీ ల్యాప్‌టాప్ తెరిచి మొదటి ఫొటో చూపించింది. ఆయన ఒక్క అరుపు అరిచాడు. "సుబ్బరత్నం! ఇట్రావే! ఎవ్వరూ అడ్డం లేరు, అందరూ ఉన్నారు!"

ఇంకేముంది, చుట్టాలంతా మూగారు. ఇది నేను, అది మా వారు, అదుగో మా పిల్ల అని ఎవరికి వారు వెతుక్కోవడమే. రెండో ఫొటోలో మనోజ్ఞ పెళ్లికొడుకు మీదినుంచి కళ్లు తిప్పి ఇటు చూస్తోంది. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు.

"కెమెరా వంక ఎంత చక్కగా చూసిందో! హాల్లో ఇదే పెద్దది చేయించి పెడతాను" అన్నాడు వెంకటకృష్ణారావు. ఆ పక్కనే ఉన్న వియ్యంకుడితో, "మా ఫొటోగ్రాఫరండీ, మా అమ్మాయి స్నేహితురాలు. మీ రెండోవాడి పెళ్లికి ఇప్పుడే చెప్పుకోండి, తర్వాత దొరకదు" అన్నాడు. భానుశ్రీకి భూమ్మీద కాళ్లు ఆనలేదు.

జనం పల్చబడ్డాక దుర్గాప్రసాద్ వచ్చాడు, కుర్చీని టెన్నిస్ కోర్టులో వదిలేసి, కండువాతో చెమట తుడుచుకుంటూ. ఒక్కో మొహం మీదా వేలు పెట్టుకుంటూ ఫొటో అంతా చూశాడు.

"అందరూ పడ్డారే!" అని నవ్వాడు. "నేనొక్కణ్ణే లేను. పోన్లే, అటు తిరిగి ఉన్నాగా, నేను దాన్నీ చూళ్లేదు. ఇప్పుడు చూశాను, చాల్లే."

భానుశ్రీ రెండో ఫొటో తీసి, మనోజ్ఞ కళ్లని తెర నిండా పెద్దవి చేసింది.

"ఇటు చూడండి మావయ్యగారూ. అందరూ కెమెరా వంక చూసిందనుకుంటున్నారు. కెమెరా వంక చూస్తే చూపు పైకుండాలి, నేను అంత ఎత్తులో ఉన్నాను కదా. ఇది అంతకంటే కిందికుంది. నా కింద ఉన్నది ఎవరు?"

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నేను వెనక్కి తిరగనేలేదే" అన్నాడు.

"తిరుగుతారేమోనని చూసిందండీ."

దుర్గాప్రసాద్ కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మరుక్షణం గిర్రున తిరిగి, పీటల మీదున్న మనోజ్ఞ వైపు పెద్ద పెద్ద అంగలేసుకుంటూ నడిచాడు. భానుశ్రీ కెమెరా అందుకుని ఆయన వెనకాలే పరుగెత్తింది.