సిక్స్‌టెన్‌కు పురుడు

మా ఇంట్లో కుందేలు కంపు కొడుతుందంటే మా అమ్మాయి మాలిన్ ఒప్పుకోదు. తనదేం పోయింది, తను ఉండేది స్టాక్‌హోమ్‌లో. కుందేలు ఉండేది మా ఇంట్లో. తడిసిన ఎండుగడ్డి, ఉచ్చ, నానిన బొచ్చు కలిసి పొద్దున్నే నా కాఫీలోకి దిగుతాయి. పళ్ళ డాక్టరు దగ్గర జీవితమంతా పనిముట్లు మరగబెట్టినదాన్ని నేను. ఊరందరి కుళ్ళిన పళ్ళూ దగ్గర నుంచి చూశాను, ఒక్కనాడూ నా కడుపులో తిప్పలేదు. ఈ జంతువు దగ్గర ఓడిపోయాను.

దాన్ని తెచ్చింది మాలినే. అంతకు ముందు, చెట్లు ఆకులు రాల్చే రోజుల్లో, మా ఆయన ఎవర్ట్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. "ఆ", "కాదు", ఒక బూతు మాట, ఇవే మిగిలాయి. ఆ బూతు మాత్రం తడబాటు లేకుండా వచ్చేది. మాట నేర్పే ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "ఆయన వెతుక్కునే మాట మీరు అందించకండి, ఓపిక పట్టండి" అని చెప్పింది. ఆవిడకేం, గంటసేపు కూర్చుని వెళ్ళిపోతుంది. మనిషి "క... క..." అంటూ అవస్థ పడుతుంటే ఎంతసేపని చూస్తాను? "కాఫీ" అని నేనే అనేసి కప్పు చేతికిచ్చేదాన్ని. కొన్నాళ్ళకు నా దగ్గర మాట వెతుక్కోవడమే మానేశాడు.

ఫిబ్రవరిలో మాలిన్ పల్లెటూళ్ళో ఎవరి దగ్గరో కొని, అట్టపెట్టెలో దీన్ని పట్టుకొచ్చింది. "మగదమ్మా, ఏ గొడవా ఉండదు" అంది. ఎవర్ట్ తాతగారి పేరు పెట్టారు దానికి, సిక్స్‌టెన్ అని. వారం తిరక్కుండానే దాన్ని ఉంచిన చిన్నగది తలుపు వెనక నుంచి మాటలు వినిపించాయి. "తిను... గడ్డి. మం... మంచి... వాడివి." ఎవర్ట్ గొంతే. నేను తలుపు తోసేసరికి ఆపేశాడు.

నాకు ఒళ్ళు మండింది, దాచుకోవడం దేనికి. ఇన్నేళ్ళు కాపురం చేసిన పెళ్ళానికి "ఆ", "కాదు". తన పెంట తానే తినే జంతువుకు వాక్యాలు. అవును, తింటుంది, వంగి అక్కడ నుంచే నోటితో అందుకుంటుంది. పశువుల డాక్టరమ్మ అది వాటికి మామూలే అంది. మామూలే కావచ్చు, చూసే నాకు మామూలు కావద్దా?

మార్చిలో గోళ్ళు కత్తిరించడానికి ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళాం. ఆవిడ దాని పొట్ట కింద చెయ్యి పెట్టి ఆగిపోయింది. "ఇది ఆడదండీ. చూలుతో ఉంది. ఈ వారంలోనే ఈనుతుంది" అంది.

ఇంటికి రాగానే మాలిన్‌కు ఫోన్ చేశాను. "నువ్వు తెచ్చిన మగాడికి నెల తప్పిందే."

"నవ్వించకమ్మా."

"నవ్వేం కాదు. ఎక్కడ దొరికిందే నీకిది?"

నసిగింది. "అక్కడ అన్నిటినీ ఒకే దొడ్లో వదిలేశారు. నాన్నకు తెలుసా?"

"పక్కనే ఉన్నాడు, మొహం చేటంత చేసుకుని."

నిజంగానే అలా ఉన్నాడు. ఒంటిచేత్తో చెక్కపెట్టె ఈడ్చుకొచ్చి, గడ్డి పోసి, మా మంచం మీది ఉన్ని దుప్పటి నన్నడక్కుండా పరిచేశాడు. ఆ రోజు నుంచి కుందేలు పళ్ళతో తన గుండెల మీది బొచ్చు గుప్పెళ్ళకొద్దీ పీక్కుని ఆ దుప్పటిలో కూరడం మొదలుపెట్టింది. కింద చర్మం బోసిగా, ఎర్రగా, ఈకలు పీకిన కోడిలా ఉండేది. ఆ బొచ్చు గాలికి లేచి వెన్న మీద వాలేది, రొట్టె మీద వాలేది, నా నాలుకకు అతుక్కునేది. దుప్పటి మాత్రం ఉచ్చలో నాని ముద్దయింది. ఎవర్ట్ దాని పక్కనే నేల మీద కూర్చుని ఏదో చెబుతూ ఉండేవాడు. నేను అటు వెళితే నోరు కట్టేసుకునేవాడు.

గురువారం మా లాండ్రీ పూట. మా భవనంలో అందరికీ కలిపి నేలమాళిగలో ఒకటే లాండ్రీ గది. అక్కడి బోర్డు మీద ఎవరి పూటకు వాళ్ళు తాళం తగిలించుకోవాలి. తగిలించుకున్న పూట చచ్చినా వదులుకోరు ఎవరూ. నేనైతే ఎవర్ట్ ఆసుపత్రిలో ఉన్న వారం కూడా వదల్లేదు. ఆ గది గోడల మీద కాగితాలుంటాయి. "ఆరబెట్టే మిషను జల్లెడలో నూగు తియ్యకుండా వెళ్ళేవాళ్ళను ఏమనాలి?" వంటివి. వాటిలో సగం నేను రాసినవే.

ఆ పొద్దున ఎవర్ట్‌ను వ్యాయామానికి తీసుకెళ్ళే బండి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి చిన్నగది వైపు చెయ్యి చూపించాడు. "దు... దుప్పటి..."

"ఉతకమంటావు. ఇవాళ మన పూటేగా, నాకు గుర్తులేదా?"

"కాదు... కాదు."

"అవునంటే కాదంటావు, కాదంటే అవునంటావు. పద, బండాయన చూస్తున్నాడు."

అతను అటు వెళ్ళగానే రబ్బరు తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని గదిలోకి వెళ్ళాను. దుప్పటి మడతల్లో బొచ్చంతా గూడులా అల్లుకుని ఉంది. లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనానికే నాకు వికారం పుట్టింది. కుందేలు గుర్రుమంది, వెనక కాళ్ళతో నేల బాదింది, తొడుగు మీద కరిచింది. దాన్ని పక్కకు నెట్టి, గడ్డి సంచిలోకి ఊడ్చేసి, పెట్టెను సబ్బునీళ్ళతో తోమి ఆరబెట్టి, దాని ముందు నేల మీద పాత పేపర్లు పరిచాను. గదికి గాలి ఆడాలని కిటికీ తెరిచి తలుపు మూసేశాను. ఇల్లు అలకగానే పండగ కాదంటారు గానీ, ఆ కాసేపూ నాకు పండగలాగే ఉంది. దుప్పటి వేడినీళ్ళలో పడింది. నేను పైకొచ్చి దాల్చినచెక్క బన్ను తిన్నాను. మళ్ళీ కిందికి వెళ్ళి దుప్పటిని ఆరబెట్టే మిషనులో వేశాను. పైకొచ్చాక చిన్నగది తలుపు తీశాను.

పేపరు మీద ఈనేసింది. బొచ్చు లేదు, కళ్ళు లేవు, జిగురు కారుతూ, కొన్ని ఎర్రగా, కొన్ని నీలంగా, ఎవరో చీదేసిన ముద్దల్లా అక్కడక్కడా పడి ఉన్నాయి. వాటి కింద ఎన్నికల వార్త తడిసిపోయింది. తల్లి మూలన కూర్చుని ఎర్రటి పొరలాంటిదేదో నములుతోంది, దాని గడ్డమంతా నెత్తురు. కిటికీలోంచి మంచుగాలి సూటిగా వాటి మీదికి కొడుతోంది. రెండు కదలడం లేదు. మిగతావి నోళ్ళు తెరుస్తున్నాయి, చప్పుడు మాత్రం రావడం లేదు.

నేను అక్కడే నిలబడిపోయాను. ముట్టుకోలేకపోయాను.

ముందు తలుపు చప్పుడైంది. ఎవర్ట్ బూట్లు విప్పకుండానే వచ్చాడు, ఈ ఇంట్లో ఎన్నడూ చెయ్యని పని. ఖాళీ పెట్టె చూశాడు, పిల్లల్ని చూశాడు. కిటికీ మూసి, గోడ పట్టుకుని మోకాళ్ళ మీదికి దిగాడు. ఒక పిల్లను ఎడమచేత్తో ఎత్తి తన చొక్కా గుండీలతో తంటాలు పడ్డాడు. పడిపోయిన చెయ్యి సాయం రాలేదు. అప్పుడు నా వైపు తిరిగి, నా పొట్ట చూపించాడు.

"వద్దు ఎవర్ట్, నా వల్ల కాదు."

ఆ బూతు మాట అన్నాడు, తడబాటు లేకుండా.

తొడుగులు తీసేశాను. స్వెట్టరు పైకెత్తి పట్టుకుంటే ఒక్కొక్కదాన్నీ నా ఒంటికి ఆనించాడు. మంచులో పెట్టిన చేపల్లా చల్లగా, జారుడుగా ఉన్నాయి. ఒకటి నా బొడ్డు మీద ఉచ్చపోసింది. పళ్ళు బిగబట్టి, అరవకుండా నిలబడ్డాను. స్వెట్టరు వాటి మీదికి లాగి రెండు చేతులూ అడ్డం పెట్టాను.

అంతలో గంట మోగింది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని తలుపు తీశాను. కింది అంతస్తు ఇవోన్. మా తర్వాత పూట ఆవిడది. రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు, బూడిదరంగు బొచ్చు ఉండ పట్టుకుంది.

"గున్నెల్‌గారూ, ఇది మీదే అనుకుంటాను. జల్లెడ నిండా ఉంది. గోడ మీద నీతులు రాసేదీ మీరే, ఇదీ మీరేనా?" ఈ రోజు కోసం ఆవిడ ఎన్నేళ్ళుగా కాచుకుని ఉందో.

"నాదే. ఇటివ్వండి."

ఆవిడ వాదనకు సిద్ధపడి వచ్చింది, దీనికి కాదు. "అదేంటి, మీ పొట్ట కదులుతోంది?"

"పిల్లలు. జల్లెడలో ఇంకా ఉంటే అదీ తెండి. మిషనులో దుప్పటి ఉంది, వేడిగా ఉండగానే పట్టుకురండి. త్వరగా."

ఇవోన్ మొహం వికారంగా పెట్టింది. అయినా మెట్లు దిగింది. తిరిగొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, దుప్పటినీ, బొచ్చునీ చిన్నగది దాకా మోసుకొచ్చి, కుందేలు గడ్డం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఎవర్ట్ ఒంటిచేత్తో గూడు కట్టాడు. దుప్పటి అడుగున వేసి, నడుమ గుంట చేసి, బొచ్చు పరిచాడు. నా ఒంటి మీద నుంచి పిల్లల్ని ఒక్కొక్కటిగా తీసి అందులో పెట్టాడు. ఇప్పుడవి గోరువెచ్చగా ఉన్నాయి, మెలికలు తిరుగుతున్నాయి. చచ్చిన రెండింటినీ పేపరులో చుట్టి పక్కన పెట్టాడు. తల్లి వాసన చూసింది, పెట్టె అంచు ఎక్కింది, దిగింది, కాసేపటికి మళ్ళీ ఎక్కి లోపలికి వెళ్ళింది.

నా పొట్ట మీద జిగురు ఎండి చర్మం లాగుతోంది. కడుక్కోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. లేవబోతుంటే ఎవర్ట్ నోరు తెరిచాడు. కుందేలుతో కాదు, నాతో.

"నిన్ను..."

తర్వాత రాబోయే మాట నాకు తెలుసు. నా నాలుక చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కున్నాను. అతని దవడ కదిలింది, ఆగింది.

"నిన్ను... చూస్తుంటే... అసహ్యం... వేస్తోంది."

వాక్యం పూర్తయింది. ఒక్క మాట తప్పలేదు, ఒక్కటీ నేనందించింది కాదు. జబ్బు పడ్డాక అతను నాతో అన్న మొదటి వాక్యం అది. నాకు ఏడుపొచ్చింది. సంతోషమో, తగలాల్సిన చోట తగిలిందో తెలియలేదు. కడుక్కోవడానికి లేచినదాన్ని మళ్ళీ అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఇంకా చెప్పు" అన్నాను.