తడి ఆరని సంతకం

ఓర్విల్ స్ట్రాండ్ రోజూ ఎనిమిదికి ఇరవై నిమిషాల ముందే ఆఫీసు తలుపు తీసేవాడు. కోటు తగిలించి, పొయ్యి మీద కాఫీ పడేసి, అది మరిగేలోపు కిటికీ దగ్గర నిలబడేవాడు. ఆ కిటికీలోంచి డులూత్ ఊరిని ఆనుకున్న సరస్సు కనబడుతుంది, ఇనుప ఖనిజం మోసుకుపోయే ఓడలు కనబడతాయి. ఆయన వాటి వంక చూసేవాడు కాదు. వీధికి అవతల, చెప్పులు బాగుచేసే కొట్టు పైన, హెల్మి కాంగస్ ఆఫీసులో దీపం వెలిగిందా లేదా అని చూసేవాడు. ఎప్పుడు చూసినా వెలిగే ఉండేది. ఆయనకు కాఫీ చేదుగా తగిలేది.

ఇద్దరూ దివాలా లాయర్లే. దివాలా లాయరు అనగానే పాడె కట్టడానికి వచ్చేవాడనుకుంటారు చాలామంది. అది పొరపాటు. ఒక ఫ్యాక్టరీ ఇబ్బందిలో పడిందనుకోండి. అప్పులవాళ్లంతా ఒక్కసారి మీద పడితే ఒకడి చేతికి కిటికీ రెక్క, ఇంకొకడి చేతికి తలుపు గడియ వస్తాయి, ఫ్యాక్టరీ మాత్రం ఎవరికీ మిగలదు. అందుకని యజమాని కోర్టులో పిటిషను పెడతాడు. పెట్టిన క్షణం నుంచి ఎక్కడివాళ్లు అక్కడ ఆగాలి. ఆ దొరికిన గడువులో అందరినీ కూర్చోబెట్టి, నచ్చజెప్పి, ఫ్యాక్టరీని మళ్లీ నడిపించడం లాయరు పని. ఓర్విల్ ముప్పై ఏళ్లుగా చేస్తున్నది అదే.

అయితే అంతకన్నా ముందు ఒక కాగితం ఉంది. కేసు చేపట్టే లాయరు ఆ కంపెనీతో, అప్పులవాళ్లతో, తోటి లాయర్లతో తనకున్న సంబంధాలన్నీ రాసి కింద సంతకం పెట్టాలి. బావమరిది అక్కడ పనిచేస్తే అదీ రాయాలి. ఆ యజమానితో కలిసి చేపలు పడితే అదీ రాయాలి. డులూత్ కోర్టులో ఏదైనా దాచిపెట్టి సంతకం పెడితే ఆ సిరా ఆరదు. రాయాల్సింది రాసేదాకా ఎన్నాళ్లయినా తడిగానే ఉంటుంది. అందుకని గుమాస్తా బెర్నిస్ తన కుర్చీ వెనక తీగ కట్టి, ఆ కాగితాలను బట్టల క్లిప్పులతో ఆరేసేది. పొద్దునా సాయంత్రం వేలితో తాకి చూసి, ఆరినవి జడ్జిగారికి పంపేది. కొత్తగా వచ్చిన లాయర్లకు మొదటి రోజే చెప్పేవాళ్లు, చొక్కా చేతులు పైకి మడుచుకోమని.

హెల్మి పదకొండేళ్లు ఓర్విల్ దగ్గరే పని నేర్చుకుంది. అప్పులవాడి ముందు ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఆయనే నేర్పాడు. ఐదేళ్ల కిందట ఆమె వేరే ఆఫీసు పెట్టుకుంది. మొదటి ఏడాది ఓర్విల్ అందరికీ "నా శిష్యురాలే" అని చెప్పుకున్నాడు. రెండో ఏడు చెప్పడం తగ్గించాడు. మూడో ఏటికి ఊళ్లో మునిగే వ్యాపారమల్లా హెల్మి మెట్లే ఎక్కడం మొదలుపెట్టింది. గనులు మూతపడుతున్న రోజులు, మునిగే వ్యాపారాలకు కొదవ లేదు. ఓర్విల్ బాగున్న బూట్లకే నాలుగుసార్లు కొత్త మడమలు వేయించాడు. కొట్టులో కూర్చుంటే పైన మెట్ల మీద ఎన్ని అడుగులు పడుతున్నాయో వినబడుతుందని.

"ఓర్విల్ గారూ, ఇక ఈ బూట్లకు మడమ తప్ప ఏమీ మిగల్లేదండీ," అన్నాడు కొట్టు నడిపే ముసలి పోలిష్ ఆయన. "పైకెళ్లి ఆ అమ్మాయినే అడగకూడదూ, ఎంతమంది వచ్చారో?"

ఓర్విల్ బూట్లు తీసుకుని వచ్చేశాడు.

అక్టోబరులో ఒక సోమవారం ఐనో హక్కాలా ఆకుపచ్చ ట్రక్కు హెల్మి గుమ్మం ముందు ఆగింది. హక్కాలా సౌనా అనే ఆవిరి స్నానపు గదుల్లో పెట్టే ఇనుప పొయ్యిలు పోతపోసేవాడు. ముప్పై ఒక్కమంది పనివాళ్లు. ఇరవై ఏళ్లుగా ప్రతి శనివారం ఓర్విల్, హక్కాలా ఒకే సౌనాలో, ఒకే చెక్క బల్ల మీద, వేడి రాళ్ల మీద నీళ్లు చల్లుకుంటూ ఆవిరిలో కూర్చునేవాళ్లు. అలాంటి మనిషి పిటిషను పెట్టడానికి తన దగ్గరకు రాకుండా ఆవిడ దగ్గరకు వెళ్లాడు. ఓర్విల్‌కు కళ్లల్లో కారం కొట్టినట్టయింది. ఆ మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచి, చూసి, మళ్లీ మూసేశాడు.

మంగళవారం ఏదో కాగితం వంక పెట్టుకుని కోర్టుకు వెళ్లాడు.

"హెల్మి కాగితం ఆరలేదు," అంది బెర్నిస్, అడక్కుండానే.

"ఆరలేదా?"

"నిన్నటి నుంచీ చూస్తున్నాను. నలభై రెండు సంబంధాలు రాసింది. వాళ్ల పిన్ని ఒకసారి హక్కాలా వాళ్ల పెళ్లిలో కేకు కోసిందట, అదీ రాసింది. అయినా చుక్క ఆరలేదు. మీ మొహమేంటి అలా వెలిగిపోతోంది?"

"ఎండ," అన్నాడు ఓర్విల్. బయట మంచు పడుతోంది.

బుధవారానికి ఊరంతా పాకింది. జడ్జి క్విగ్లీ గడువు పెట్టాడు. శుక్రవారం మధ్యాహ్నానికి సిరా ఆరిన లాయరు లేకపోతే కేసు కొట్టేస్తాడు. కంపెనీ తన తరఫున తానే కోర్టులో నిలబడడానికి లేదు, లాయరు ఉండి తీరాలి. కేసు పోతే ఆ సాయంత్రమే బ్యాంకు వాళ్లు వచ్చి అచ్చులూ, కొలిమీ పట్టుకుపోతారు. అచ్చులు పోతే పొయ్యిలు లేవు. పొయ్యిలు లేకపోతే ముప్పై ఒక్క ఇళ్లల్లో అన్నం లేదు.

ఆ సాయంత్రం హక్కాలా ఓర్విల్ ఆఫీసుకు వచ్చాడు. టోపీ తీయలేదు, కూర్చోలేదు.

"ఏమయ్యా ఓర్విల్, ఆ అమ్మాయి కాగితం ఆరకపోతే నువ్వు చేపడతావా?"

"ముందే నా దగ్గరకు వస్తే ఈ తిప్పలు ఉండేవా?"

"ముందు రాలేదు. ఇప్పుడొచ్చాను. ఇప్పుడు అడుగుతున్నాను."

"ఆవిడ ఏం దాస్తోందో నీకు తెలుసా?"

"ఆ పిల్ల దాచే రకం కాదు," అన్నాడు హక్కాలా. "అదే నాకు అర్థం కావడం లేదు."

అంత కష్టంలోనూ ఆవిడ మీద ఆ నమ్మకం చూసి ఓర్విల్‌కు ఇంకాస్త ఉక్రోషం వచ్చింది. కానీ చేపడతానన్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. గురువారం పొద్దున్నే కూర్చుని తన కాగితం రాశాడు. శనివారం సౌనాలు రాశాడు. సగం ధరకు కొన్న పొయ్యి రాశాడు. భార్య తరఫు తమ్ముడు అక్కడ అచ్చులు చెక్కుతాడని రాశాడు. సంతకం పెట్టి, ఊది, అద్దుడు కాగితం పెట్టి తీశాడు. అద్దుడు కాగితం నల్లగా వచ్చింది. సంతకం అప్పుడే పెట్టినట్టు మెరుస్తోంది.

ఆఫీసులో చలికి అలా ఉందని సర్దిచెప్పుకుని కోర్టుకు పట్టుకెళ్లాడు. బెర్నిస్ దాన్ని హెల్మి కాగితం పక్కనే తగిలించింది. రెండూ బొట్టుబొట్టుగా నేల మీదకి కారుతున్నాయి. బెర్నిస్ రెండు కాఫీ కప్పులు తెచ్చి కింద పెట్టింది.

"ఆవిడది చదవచ్చా?" అన్నాడు ఓర్విల్.

"కోర్టు కాగితం, ఎవరైనా చదవచ్చు. ఒకటి మాత్రం చెప్తాను. తడి అంతటా ఒకేలా లేదు. ముప్పై ఎనిమిదో నంబరు దగ్గర ఊటలా ఉంది."

ఓర్విల్ కళ్లజోడు పెట్టుకున్నాడు. ముప్పై ఎనిమిదో నంబరు ఆయన పేరే. 'ఓర్విల్ స్ట్రాండ్, ఈ ఊరి లాయరు. పదకొండేళ్లు ఆయన దగ్గర పనిచేశాను. ఈ వృత్తిలో నాకు తెలిసినదంతా ఆయన నేర్పినదే.' దాని కింద రెండు పంక్తుల జాగా ఖాళీగా వదిలేసి ఉంది. సిరా అక్కడే మడుగు కట్టింది.

ఆ ఖాళీ జాగాలో ఏముండాలో ఓర్విల్‌కు తెలుసు.

మార్చిలో ఆయన హక్కాలా ట్రక్కును హెల్మి గుమ్మం ముందు మూడు మంగళవారాలు వరసగా చూశాడు. ఆ మూడో వారమే వ్యాపారుల సంఘం భోజనాల దగ్గర, పక్క కుర్చీలో బ్యాంకు వాడు రస్ విట్కో కూర్చున్నాడు. చేపల పులుసులో రొట్టె ముంచుకుంటూ, ఊరికే అన్నట్టు అన్నాడు ఓర్విల్: "హక్కాలా ఈ మధ్య దివాలా లాయరు మెట్లు అరగదీస్తున్నాడు, చూశావా?" అంతే. ఒక్క మాట. అసలు అనాలనుకున్నది వేరే, నా మెట్లు ఎక్కడం లేదు అని. ఏప్రిల్లో బ్యాంకు హక్కాలాకు ఇచ్చే అప్పు ఆపేసింది.

ఆయన కోర్టు నుంచి తిన్నగా చెప్పుల కొట్టు పక్క మెట్లెక్కాడు. ఐదేళ్లలో ఎక్కడం అదే మొదటిసారి. హెల్మి బల్ల దగ్గర నిలబడి ఎండు చేప ముక్క తింటోంది. ఆయన్ని చూసి చేతులు తుడుచుకుంది.

"కూర్చోండి, ఓర్విల్ గారూ. కుర్చీ ఊగుతుంది, జాగ్రత్త."

"నీకు తెలుసు," అన్నాడు.

"విట్కో మే నెలలో నోరు జారాడు. తెలుసు."

"హక్కాలాకు చెప్పావా?"

"లేదు."

"మార్చిలో వాడు నీ దగ్గరకు ఎందుకు వచ్చాడు?"

హెల్మి చేప ముక్క పక్కకు జరిపింది. "హిబ్బింగ్‌లో పొయ్యిల కంపెనీ ఒకటి మూతపడింది కదా, ఆ కేసు నేను చూశాను. వాళ్ల అచ్చులు కొనడానికి వచ్చాడు ఐనో. వ్యాపారం పెంచుదామని. పదిమందిని కొత్తగా పెట్టుకుందామనుకున్నాడు."

ఓర్విల్ ఊగే కుర్చీలో కూర్చున్నాడు. మునగడానికి వచ్చిన మనిషి కాదు. ఎదగడానికి వచ్చిన మనిషిని తను ఒక్క మాటతో ముంచాడు.

"రాసెయ్యొచ్చుగా," అన్నాడు. "రెండు పంక్తులు. నీ కాగితం సోమవారమే ఆరేది."

"కలం పట్టుకున్నాను. రాలేదు. మీ పేరు కింద అది నా చేత్తో ఎలా రాయమంటారు?"

"అంటే నా మీద జాలిపడి ముప్పై ఒక్కమందిని వీధిలో నిలబెడతావా? నేను నేర్పింది అదా?"

"కాదు," అంది హెల్మి. "రేపటిదాకా టైముంది కదా, మీరే వస్తారేమో అనుకున్నాను."

ఆ మాట విన్నాక కూడా ఓర్విల్‌లో ఏదో చురుక్కుమంది. తనకన్నా పెద్దమనసు ఆవిడకే ఉండాలా? అదీ ఆవిడకే దక్కాలా? సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డా చురుకు పోలేదు. లేచి కోటు గుండీలు పెట్టుకున్నాడు.

"పద. నేను చెప్తాను, నువ్వు రాయి."

బెర్నిస్ ఆ కాగితం దింపి బల్ల మీద పరిచింది. ఓర్విల్ చేతులు వెనక్కి కట్టుకుని, పదకొండేళ్లు ఉత్తరాలు చెప్పి రాయించినట్టే, గది అటూ ఇటూ నడుస్తూ, ఆమె మాటగానే చెప్పాడు. హెల్మి తల వంచుకుని రాసింది.

"ఆయన మార్చిలో హక్కాలా ట్రక్కును నా గుమ్మం ముందు చూసి, బ్యాంకు వాళ్లకు చెప్పాడు. రాశావా? కామా. ఏమీ అడగకుండా, తెలుసుకోకుండా చెప్పాడు."

"రాశాను."

"అసూయతో చెప్పాడు."

హెల్మి తలెత్తింది.

"రాయి. అది లేకపోతే ఆరదు."

ఆమె రాసింది. సిరా పైనుంచి కిందకి, ఒక్కొక్క పంక్తీ, పొడి నేల నీళ్లు తాగినట్టు లోపలికి ఇంకిపోయింది. బెర్నిస్ వేలితో తాకి, వేలు చూపించింది. తెల్లగా ఉంది.

"మరి మీది?" అంది తీగ వంక చూస్తూ.

"నాది ఇచ్చెయ్. హక్కాలాకు లాయరు దొరికింది."

శుక్రవారం జడ్జి క్విగ్లీ ఆ కాగితం నిండు కోర్టులో మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఇన్నాళ్లు దాచినందుకు హెల్మిని నాలుగు చీవాట్లు పెట్టాడు, కేసు మాత్రం ఆమెకే ఇచ్చాడు. బ్యాంకు లాయరు ఎర్రబడ్డ మొహంతో లేచి, నాలుగు నెలలు అచ్చుల జోలికి రామని ఒప్పుకున్నాడు. భోజనాల దగ్గర విన్న మాట పట్టుకుని అప్పు ఆపేశామని చెప్పుకోవడం ఏ బ్యాంకుకైనా కష్టమే.

బయట వరండాలో హక్కాలా ఓర్విల్ కోసం ఆగాడు. ఓర్విల్ తిట్లకు సిద్ధపడ్డాడు.

"ఇరవై ఏళ్లు పక్కన కూర్చున్నావు," అన్నాడు హక్కాలా. "ఆ మెట్లు ఎందుకెక్కుతున్నావురా అని ఒక్క శనివారం అడిగుంటే చెప్పేవాణ్ణి కదా."

జవాబు కోసం హక్కాలా నిలబడలేదు. కొలిమి రాజేయడానికి పనివాళ్లు ఎదురుచూస్తున్నారు.

మూడు వారాల తర్వాత లాయర్ల మండలి నుంచి ఉత్తరం వచ్చింది. దాచిపెట్టి సంతకం పెట్టినందుకు ఆరు నెలలు వృత్తి చేయకూడదు. దానితో పాటు ఒక ఫారం పంపారు: చేతిలో ఉన్న కేసులన్నీ ఏ లాయరుకు అప్పగిస్తున్నారు, కారణమేమిటి, సంతకం. ఫారం డులూత్ కోర్టులోనే దాఖలు చేయాలి.

ఓర్విల్ బెర్నిస్ బల్ల దగ్గరే నిలబడి నింపాడు. పేరు దగ్గర కలం ఆగింది. ఊళ్లో ఇంకో ఇద్దరు దివాలా లాయర్లు ఉన్నారు. ఒకడికి మతిమరుపు, ఇంకొకడికి అప్పులవాళ్లంటే భయం. హెల్మి కాంగస్ అని రాశాడు.

కారణం: 'ఆఫీసు ఎదురుగానే ఉంది. కాగితాలు మోయడం తేలిక.' సంతకం పెట్టాడు. బెర్నిస్ తాకి చూసింది. వేలు నల్లబడింది.

'నా దగ్గరే పని నేర్చుకుంది,' అని కలిపాడు. వేలు మళ్లీ నల్లబడింది.

"అది నిజమే కదా," అన్నాడు ఓర్విల్.

"నిజమే. అదొక్కటే అయ్యుండదు," అంది బెర్నిస్, వేలు తుడుచుకుంటూ. "నాకేం తొందర లేదు. నాలుగున్నర దాకా ఇక్కడే ఉంటాను."

ఆయన నాలుగున్నర దాకా నిలబడ్డాడు. బెర్నిస్ దీపాలు ఆర్పడానికి లేచింది. అప్పుడు వంగి, చిన్న అక్షరాలతో, నాలుగు మాటలు రాశాడు: 'నాకన్నా బాగా పని చేస్తుంది.'

ఆ చివరి అక్షరం మీంచి కలం ఇంకా ఎత్తనేలేదు, కాగితమంతా ఆరిపోయింది.