పావుగంట

బల్తజార్ పేరు వింటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అతను లిస్బన్ నుంచి వచ్చాడు. మా సాగ్రెష్ రేవు పక్కన మూతబడ్డ సార్డీన్ చేపల ఫ్యాక్టరీ కొని, సున్నం కొట్టించి, పన్నెండు బల్లలు వేసి హోటల్ పెట్టాడు. వంటలు మా అమ్మమ్మలవే, కానీ పళ్లెంలో వెతుక్కోవాలి. వెల్లుల్లి రొట్టె పులుసు చెంచాడు, ఎండు కాడ్ చేప గోరంత. ప్రతి వంటతోనూ ఒక కథ చెబుతారు. కథ లేకపోతే ఆ ధర ఎవడిస్తాడు?

నేను అతనికి పెర్సెబెలు అమ్మేవాణ్ణి. కొండచరియ కింద, అలలు కొట్టే రాళ్లకు అతుక్కుని వేలంత లావున పెరిగే సముద్రపు గుల్లలవి. తాడు కట్టుకుని దిగి, అల వెనక్కి పోయిన క్షణంలో గీకి తీయాలి. మూడు చలికాలాల కిందట నా తమ్ముడు జెఫెరీనును అల కొట్టేసింది. తల రాయికి తగిలి అక్కడికక్కడే పోయాడని అమ్మకు చెప్పాను. అది అబద్ధం. తాడు తెగి రాళ్ల సందులో ఇరుక్కుపోయి, పావుగంట సేపు వాడు అమ్మను పిలుస్తూనే ఉన్నాడు. నేను విసిరిన తాడు అందలేదు. అమ్మకు డెబ్బై ఆరేళ్లు. బిడ్డ బాధపడకుండా పోయాడన్న ఒక్క మాట పట్టుకుని బతుకుతోంది. అది కాస్తా లాగేస్తే మనిషి నిలవదని నా భయం.

ఒకరోజు సంచులు దించుతుంటే బల్తజార్ ఒక గ్లాసు సారా పోసి, తమ్ముడి గురించి మెల్లగా అడిగాడు. ఎందుకు చెప్పానో తెలియదు, అంతా చెప్పేశాను. కళ్లు తుడుచుకున్నాడు. ఇది మన మధ్యే ఉండాలన్నాను. తలూపాడు.

నెల తిరక్కుండా కొత్త మెనూ పెట్టి, అమ్మను తీసుకుని మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నాడు. అమ్మ తన నల్ల గౌనుల్లో మంచిది వేసుకుంది. రొట్టె పులుసు చూసి, "ఇది రుచి చూడ్డానికా, తినడానికా?" అంది. "మీ నాన్నయితే ఈపాటికి పళ్లెం కూడా నమిలేవాడు."

నేను నవ్వుతూ మెనూ కార్డు తిప్పాను. ఆరో వంట పేరు 'పావుగంట: జెఫెరీను పెర్సెబె'. కార్డు బోర్లా పెట్టేశాను. అమ్మకు కళ్లద్దాలు లేకపోతే అక్షరం కనబడదు, అవి ఇంట్లోనే మరిచి వచ్చింది.

"పద అమ్మా, పోదాం. కడుపులో తిప్పుతోంది."

"ఊరికే పెడుతుంటే మధ్యలో లేస్తావేంట్రా? కూర్చో."

ఇంతలో వడ్డించే పిల్ల ఇరియా రానే వచ్చింది. నల్లరాయి మీద చెక్కు తీసిన పెర్సెబె ఒక్కటి, పైన నురగ. చేతులు కట్టుకుని మొదలుపెట్టింది.

"అల వచ్చింది. తాడు తెగింది..."

"ఆపు," అన్నాను. కంఠతా పట్టిన పిల్ల, ఆగలేదు.

"పావుగంట సేపు ఆ యువకుడు రాళ్ల మధ్య నుంచి తల్లిని పిలుస్తూనే ఉన్నాడు. ఈ నురగలో ఆ పిలుపు ఉంది. దయచేసి కళ్లు మూసుకుని తినండి."

నేను వంటింట్లోకి దూసుకెళ్లాను. బల్తజార్ పట్టకారుతో ఒక ఆకు సర్దుతున్నాడు.

"వాడి కేకను నురగ చేసి అమ్ముతున్నావురా నువ్వు?"

"నెమ్మది, ఆరేలియో. అది అతనికి నివాళి. నిన్న ఒకావిడ ఏడ్చింది కూడా."

"మా అమ్మ బయట ఉంది."

"ఆమె వినాలనే కదా పిలిచాను."

"ఆమెకు తెలియదు."

అతని మొహం పాలిపోయింది. "సొంత తల్లికి చెప్పలేదని నేనెలా అనుకుంటాను?"

వరసగా పేర్చిన నల్లరాళ్లన్నీ ఒక్క చేత్తో కింద పడేశాను. ఈ తీరం నుంచి ఇక ఒక్క పెర్సెబె కూడా నీ గడప తొక్కదని చెప్పి బయటికొచ్చాను.

అమ్మ ఏడవడం లేదు. ఆమె ముందు నురగ అణిగిపోయింది.

"మూడేళ్లు," అంది.

"నీ కోసమేనమ్మా."

"నా కోసమా? వాడు పిలిచింది నన్నురా. నువ్వు ఆ లిస్బన్ వాడికి చెప్పావు. వాడు ఈ పిల్లకు చెప్పాడు. బల్లబల్లకూ తిరిగి అందరికీ చెప్పారు. దారిన పోయేవాళ్లంతా విన్నాక నా బిడ్డ పిలుపు నాకు చేరింది."

చెయ్యి పట్టుకోబోయాను. తన చెయ్యి వెనక్కి లాక్కుంది. నాకు చచ్చేంత సిగ్గేసింది. బల్తజార్ మీద కోపం అక్కరకు రాలేదు.

అమ్మ గోడవారన బిక్కచచ్చి నిలబడ్డ ఇరియాను పిలిచింది. "ఇలా కూర్చో తల్లీ. మొదటి నుంచీ మళ్లీ చెప్పు."

"నాకు రాసిచ్చారు అమ్మగారూ, నాకేం తెలియదు. మీ అబ్బాయిగారు చెబుతారు."

"వాడి మాట నేనింక నమ్మను. నీకు రాసిచ్చిందే చెప్పు. చివర్లో తినమనే ముక్క ఒక్కటి వదిలెయ్."

ఆ పిల్ల నా కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. అమ్మ ఆమె పెదవులనే చూస్తూ వింటోంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు.